గంపగుత్తగా మార్కులేస్తే గ్రూప్ ప్రాజెక్టు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ సాధనాలు వచ్చాక పిల్లలు కలిసి చదువుకోవడం నేర్చుకున్నారని సభల్లో, సర్క్యులర్లలో తెగ చెబుతున్నారు. సాధనాలు వచ్చిన మాట నిజమే. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడి ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు ఇళ్లలో కూర్చున్నప్పుడు గూగుల్ క్లాస్‌రూమ్, టీమ్స్, మూడుల్ లాంటివి హడావిడిగా మన చేతికొచ్చాయి. ఫోను, నెట్ లేని పిల్లల గోడు వేరే రాయాలి. బడులు తెరిచాక కూడా ఆ యాప్‌లు అలాగే ఉన్నాయి. వాటిలో జరుగుతున్నది మాత్రం ఇంతే: టీచర్ పీడీఎఫ్ పెడతారు, పిల్లలు దించుకుంటారు. పిల్లలు అసైన్‌మెంట్ పెడతారు, టీచర్ మార్కులేస్తారు. గోడ మీది నోటీసు బోర్డు, బల్ల మీది నోటుపుస్తకాల కట్ట తెర మీదికెక్కాయి. అందులో కలిసి చేసిందేముంది?

1968 డిసెంబరులోనే డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికా కంప్యూటర్ పరిశోధకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో వందలమంది ముందు, మైళ్ల దూరంలో ఉన్న సహచరుడితో మాట్లాడుతూ ఇద్దరూ ఒకే తెర చూస్తూ పనిచేసి చూపించాడు. ఇన్నేళ్ల తర్వాత, అంతకంటే ఎన్నో రెట్లు మెరుగైన సాధనాలు చేతిలో పెట్టుకుని మనం పీడీఎఫ్‌లు ఎక్కిస్తున్నాం.

నేను సైన్స్ టీచర్‌ని. గ్రూప్ ప్రాజెక్టు సంగతి టీచర్లెవరికీ చెప్పనక్కర్లేదు. అట్ట మీద నాలుగు పేర్లుంటాయి, రాసేది ఒక్కరే. మిగతావాళ్లలో ఒకరు బొమ్మ అతికిస్తారు, ఒకరు అట్ట వేస్తారు, ఇంకొకరు పేరు రాసి ఇస్తారు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు మార్కులు మాత్రం అందరికీ సమానం. ఇందులో పిల్లల తప్పు వెతకడం దండగ. ఫ్రాన్స్‌లో మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ తాడు లాగించి చేసిన ప్రయోగాల ఫలితాలు 1913లోనే అచ్చయ్యాయి. గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని ఆయన చూపించాడు. ఎవరెంత లాగారో కనిపించనప్పుడు పెద్దవాళ్లు మాత్రం ఒళ్లు దాచుకోరా?

ఆన్‌లైన్‌లో ఒకే డాక్యుమెంట్‌లో నలుగురూ రాస్తే ఎవరెంత పనిచేశారో కనిపిస్తుంది. గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఎవరు ఏ రోజు ఏం చేర్చారో, ఏం కొట్టేశారో రంగుల్లో తెలుస్తుంది. నాకు అంతకంటే విలువైనవి పక్కన ఉండే కామెంట్లు. మా తరగతిలో ఒక గ్రూపు ‘మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి, రాత్రి శ్వాసిస్తాయి’ అని రాసింది. ఆ వాక్యం పక్కన ఒక అమ్మాయి ‘పగలు శ్వాసించవా? మరి బతుకుతాయెలా?’ అని కామెంట్ పెట్టింది. రాసినవాడు ‘బుక్‌లో అలాగే ఉంది’ అన్నాడు. ‘ఏ పేజీ?’ అని ఇంకొకరు అడిగారు. ఆ పేజీ దొరకలేదు, ఎందుకంటే పుస్తకంలో అలా లేదు. మర్నాటికి వాక్యం మారింది: మొక్కలు పగలూ రాత్రీ శ్వాసిస్తాయి, పగటి వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ అంతకంటే జోరుగా సాగుతుంది కాబట్టి ఆక్సిజన్ బయటికి రావడమే మనకు తెలుస్తుంది. ఇది నేను బోర్డు మీద రాసి చెప్పిన పాఠమే. అయినా ఆ నలుగురికీ అది ఆ రోజే తలకెక్కింది. చివరి కాపీ మాత్రమే చూసి మార్కులేసేవారికి ఇదంతా ఎలా తెలుస్తుంది?

అందుకే గ్రూప్ ప్రాజెక్టుకిచ్చే మార్కుల్లో కొంత భాగం రాసిన తీరుకు కేటాయించాలని సిలబస్ తయారుచేసేవారిని కోరుతున్నాను. అడిగిన ప్రశ్న, దిద్దిన తప్పు, ఒప్పుకోకపోతే చెప్పిన కారణం, వీటికి విలువ కట్టాలి. అడిగినదానికల్లా క్షణంలో జవాబు రాసిచ్చే యాప్‌లు వచ్చాక ఇది మరీ అవసరం. ఒక్కసారిగా వచ్చిపడిన మూడు పేజీలు హిస్టరీలో ముద్దగా కనిపిస్తాయి. పిల్లలు తంటాలుపడి రాసింది ముక్కలు ముక్కలుగా, కొట్టివేతలతో ఉంటుంది.

అలాగని హిస్టరీని పోలీసు డైరీలా వాడితే మాత్రం మొదటికే మోసం. ఒక్క ఫోన్ చుట్టూ ముగ్గురు చేరి ఆలోచిస్తే, టైప్ చేసినవారి పేరే పడుతుంది. ఎవరో కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించవచ్చు. పదాలు లెక్కబెట్టి మార్కులిస్తామంటే పిల్లలు పదాలే పెంచుతారు. అనుమానం వస్తే పిల్లల్ని పిలిచి రెండు నిమిషాలు మాట్లాడాలి, అంతకు మించిన సాఫ్ట్‌వేర్ లేదు. అందరూ చూస్తుండగా తప్పు రాస్తే నవ్వుతారేమోనని టెన్షన్ పడే పిల్లలూ ఉంటారు. వాళ్లు ముందు విడిగా రాసుకుని, తర్వాత కలిపే వీలుండాలి.

టీచర్ల టైమ్ గురించి ఎవరూ మాట్లాడరు. పది గ్రూపుల కామెంట్లు చదవడం పది కాపీలు దిద్దడం లాంటిది కాదు. ఆ పనికి టైమ్‌టేబుల్‌లో పీరియడ్ ఇవ్వకుండా, ఒక్క పూట ట్రైనింగ్‌తో చేతులు దులుపుకుంటే ఇదీ మొక్కుబడి తంతే అవుతుంది. ట్రైనింగ్ అంటే ఏ బటన్ ఎక్కడుందో చూపించడం కూడా కాదు. నలుగురు వాదించుకోక తప్పని ప్రశ్న ఎలా తయారుచేయాలో నేర్పాలి. ‘కిరణజన్య సంయోగక్రియ గురించి రాయండి’ అంటే ఒకరు చాలు, కాపీ కొట్టడానికి.

ఇంకో రెండు మాటలు యాజమాన్యాలకు. లింక్ ఉన్నవారెవరైనా మార్చవచ్చన్న సెట్టింగ్‌తో పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న డాక్యుమెంట్లు వాట్సాప్ లాంటి గ్రూపుల్లోకి వదలకండి. లింక్ ఒకసారి బయటికి పోతే ఎవరి చేతికి చేరుతుందో చెప్పలేం. అలాగే ఏ యాప్ కూడా శాశ్వతం కాదు. చాలా తరగతుల్లో వాడిన గూగుల్ జామ్‌బోర్డ్ అనే ఆన్‌లైన్ వైట్‌బోర్డును 2024 చివర్లో మూసేశారు. అందుకని టర్మ్ ముగిసేలోగా పిల్లల పనిని, కామెంట్లతో సహా, స్కూలు దగ్గర దాచి ఉంచే బాధ్యత ఎవరో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.

ఇట్లు,
ఒక సైన్స్ ఉపాధ్యాయిని