బాబును ఐస్ హాకీలో చేర్చే విషయమై

కావలి

చి.ల.సౌ. మాధవికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. బాబును ఐస్ హాకీ నేర్పే తరగతిలో చేర్పించమంటారా అని నువ్వు అడిగినదానికి ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. సియాటిల్‌లో ఆ ఆటను మీరు నాకు దగ్గరుండి చూపించారు గనుక, చూసినదాన్ని బట్టే నా అభిప్రాయం రాస్తున్నాను.

జువ్వలదిన్నె దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరుగా పని చేసినవాణ్ణి కావడం వల్ల, అక్కడి ఆటల భవనం క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాలో కూర్చోగానే నా చూపు ఆటగాళ్ల మీదికి కాక వాళ్ల కాళ్ల కిందికి పోయింది. మనం ఉప్పునీటి తొట్టిలోకి మంచినీళ్ల డబ్బాలు దించి దిమ్మలు కట్టిస్తాం. రొయ్యలకూ చేపలకూ పొడి కొట్టి వేసే ఐసుకు నునుపుతో పనేముంది? అక్కడ కాంక్రీటు నేలలోనే గొట్టాలు పరిచి, వాటిలో గడ్డకట్టని చల్లని ద్రవాన్ని తిప్పుతూ, పైన నీళ్లను పలుచని పొరలుగా చల్లుకుంటూ వచ్చి, 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పున సుమారు అంగుళం మందం ఐసును నిలబెడతారు. అది తెల్లగా కనిపించేది అడుగు పొరల మీద వేసిన రంగు వల్లనే. ఆ నీళ్లలో కప్పు మీద పడిన వాననీరు కూడా ఉంటుందని అల్లుడు గారు చెప్పినప్పుడు నేను రెండోసారి పైకి చూశాను. 1962 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన ఆ కప్పును అలాగే నిలిపి, దాని కింద నేల తవ్వి, 2021లో కొత్త అరీనా తెరిచారట. వీధిలోంచి లోపలికి వచ్చి మెట్లు దిగుతూ పోవడం నాకు మొదట వింతగా తోచింది గానీ, ఈ సంగతి తెలిశాక సబబుగానే అనిపించింది.

ఆట ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. విరామంలో అందరూ తినుబండారాల కోసం లేచిపోతే నేను కదలకుండా కూర్చోవడం నీకు గుర్తుండే ఉంటుంది. దమ్ము చేసిన మడిలో పలక తోలినట్లు రెండు జాంబోనీ యంత్రాలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతూ, గీతలు పడిన పైపొరను చెక్కి, వెనక వేడినీళ్లు పరుచుకుంటూ పోయాయి. ఐసు మీద వేడినీళ్లేమిటని పక్కనున్న వాళ్లు ఆశ్చర్యపోయారు గానీ నాకు వెంటనే అర్థమైంది: వేడినీళ్లలో కరిగిన గాలి తక్కువ, పైగా అవి పాత పొరను కాస్త కరిగించి దానితో ఏకమవుతాయి. మన దిమ్మల నడుమ తెల్లగా మిగిలిపోయేది ఎక్కువగా ఆ గాలే కదా.

టీవీలో చూసినప్పుడు కెమెరా పక్ అనే, బంతికి బదులు వాడే నల్లని రబ్బరు బిళ్ల వెంటే పరుగెత్తుతుంది గనుక ఆట మనకు అర్థం కాదు. పై వరుసల్లోంచి చూస్తే మాత్రం, ఆట ఆగకుండానే ముప్పావు నిమిషానికొకసారి అలసినవాళ్లు కంచె దాటి బయటికీ, కొత్తవాళ్లు లోపలికీ దూకడం, గోల్ కీపరు కాక ఐదుగురే ఉండాల్సిన చోట ఆరో మనిషి పడకుండా చూసుకోవడం కనిపించాయి. నాకు నచ్చిన మరో పద్ధతి ఏమిటంటే, ఆట సాగుతున్నంతసేపూ ఆలస్యంగా వచ్చినవాళ్లను మెట్ల దగ్గరే ఆపి, ఈల పడ్డాకే సీట్లలోకి పంపడం. మన సినిమా హాళ్లలో ఈ నియమం పెడితే ఎంత బాగుండునో! ఆట ఆగినప్పుడల్లా చెవులు దిమ్మెక్కేలా పాటలూ లైట్లూ ఎందుకో మాత్రం నాకు బోధపడలేదు. బాబును ఎప్పుడు తీసుకెళ్లినా చెవులకు రక్షణ పెట్టకుండా కూర్చోబెట్టవద్దు.

ఇక దెబ్బల సంగతి. నియమం తప్పినవాణ్ణి రెండు నిమిషాలు అద్దాల గదిలో కూర్చోబెట్టి, అతని జట్టును ఒక మనిషి తక్కువతో ఆడించడం న్యాయంగానే ఉంది. పిడికిళ్లతో కొట్టుకున్నవాళ్లకు ఐదు నిమిషాల శిక్ష పడుతుంటే జనం లేచి చప్పట్లు కొట్టడం మాత్రం నాకు నచ్చలేదు. గోలు స్తంభాల వెనక పైకి కట్టిన వల గురించి మీ అమ్మ అడిగింది. 2002లో అమెరికాలోనే కొలంబస్ నగరంలో పక్ తగిలి ప్రేక్షకుల్లోని 13 ఏళ్ల బాలిక చనిపోయాక, ఈ పోటీలు నడిపే నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్ఎల్) ఆ వలలను తప్పనిసరి చేసింది. ఈ సంగతి మీ అమ్మకు ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఇవన్నీ ఆలోచించాకే బాబును చేర్పించమంటున్నాను. నువ్వు పంపిన నియమావళి ప్రకారం అక్కడ 12 ఏళ్ల లోపు పిల్లల పోటీల్లో ఒంటితో ఢీకొట్టి పడగొట్టడం నిషేధం. విరామంలో వాడి ఈడు పిల్లలు ఆడగా చూశాను. నిలబడినంతసేపు ఎంతో, పడి లేచినంతసేపూ అంతే, అయినా ఒక్కరూ ఏడవలేదు. హెల్మెట్ మాత్రం ఎవరో వాడినది తీసుకోకుండా కొత్తదే కొను. స్కేట్లు ఈ ఏడాదికి అద్దెవి చాలు, పాదం పెరిగే వయసు. మేము మళ్లీ వచ్చినప్పుడు టికెట్లు గోలు వెనక కాకుండా పక్కవైపున, పై వరుసల్లోనే తీసుకోండి.

ఆశీస్సులతో,
నాన్న