ఒక ట్రే, ఒక చెయ్యి: ఇంటితోటల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాది పొడవునా చేసినవన్నీ చెప్పుకోవాలి కానీ, ఈ నివేదికలో సగానికి పైగా చలి వెనక్కి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఆ ఐదారు వారాల గురించే ఉంటుంది. తోట ఎలా ఉండబోతుందో అప్పుడే తేలిపోతుంది. తోట పేరు మీద ఇంట్లో గొడవలు జరిగేది కూడా అప్పుడే. మిగతా పనులు చివర్లో నాలుగు ముక్కల్లో చెప్తాను. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా చదువుతారు.

ముందుగా మన తప్పు చెప్పుకుందాం. నారు పంపిణీ కోసం ఉమ్మడి షెడ్డులో టమాటా, మిరప, వంగ విత్తనాలు ట్రేల్లో వేశాం. టమాటా వారం తిరిగేసరికి మొలిచింది. మిరప ఎప్పటిలాగే రెండు వారాలు మన ఓపిక చూసి గానీ పైకి రాలేదు. టమాటా మొలకలకి తొలి రెండాకులు విచ్చుకున్నప్పుడు అందరం మురిసిపోయి ఫొటోలు తీసుకున్నాం. ఆ తర్వాత మూడోరోజు పొద్దున వెళ్ళి చూస్తే ఒక ట్రేలో ఓ మూల మొక్కలన్నీ పక్కకి ఒరిగి పడున్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి. కాండం మాత్రం మట్టిని తాకే చోట నానిన దారంలా సన్నబడి గోధుమరంగుకి తిరిగింది. వేలితో కదిపితే అక్కడికక్కడే తెగింది. మర్నాటికి ట్రేలో సగం పోయింది.

దీన్నే నారుకుళ్ళు అంటారు. పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులు మట్టిలో ఉండనే ఉంటాయి. తడి ఎక్కువై, గాలి ఆడక, విత్తనం ఒత్తుగా పడిందా, వాటికి పండగే. ఒకసారి ఒరిగిన మొక్క మళ్ళీ లేవదు, మందు వెతుక్కోవడం దండగ.

తప్పెవరిదని ఆరా తీశాం. పొద్దున నడకకి వెళ్తూ ఒకరు నీళ్ళు పోశారు. పది గంటలకి వచ్చినవారు “పైన ఆరినట్టుందే” అనుకుని మళ్ళీ పోశారు. బడి నుంచి వచ్చిన పిల్లలిద్దరు మగ్గుతో గుమ్మరించారు. సాయంత్రం షెడ్డుకి తాళం వేస్తూ నేనూ కాసిన్ని పోశాను. ఈ మాట సమావేశంలో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. అందరికీ మొక్కలంటే ప్రాణమే. ఆ ప్రాణం ఐదుగురి చేతుల్లోంచి రోజుకి నాలుగుసార్లు ట్రేలో పడింది.

సరే, ఇళ్ళల్లో ఎలా ఉందో చూద్దామని బయల్దేరితే అక్కడా ఇదే కథ. ఒక సభ్యురాలి ఇంట్లో అత్తగారు తెల్లవారుజామున పోస్తారు, “నువ్వు మర్చిపోతావని నేనే పోశాను” అంటారు. కోడలు రాత్రి గిన్నెలు కడిగాక పోస్తుంది, “అత్తయ్యకి వంగితే నడుం నొప్పని నేనే పోశాను” అంటుంది. ఇద్దరిదీ మంచిమనసే, మిరప నారు మాత్రం పసుపురంగుకి తిరిగింది. ఆ ఇంట్లో చిక్కు విప్పింది ఏడేళ్ళ మనవరాలు. కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు పెట్టింది. నీళ్ళు పోసినవాళ్ళు దాన్ని బోర్లించాలి. ట్రే ఎత్తి చూసినప్పుడు తేలిగ్గా అనిపిస్తేనే గ్లాసుని మళ్ళీ నిలబెట్టాలి. ఎత్తి చూసే పని తనదేనట, పెద్దవాళ్ళకి ఆ అధికారం లేదట. పైమట్టి రంగు చూసి మోసపోతాం గానీ బరువు అబద్ధం చెప్పదు. కార్యవర్గంలో ఇంతమందిమి ఉండి ఈ ఉపాయం మాకు తట్టలేదు.

దాన్నే కాస్త మార్చి షెడ్డులో నియమంగా పెట్టాం: ఒక ట్రే, ఒక చెయ్యి. ప్రతి ట్రేకీ ఒకరి పేరు రాసిన చీటీ ఉంటుంది, ఆ మనిషి తప్ప ఇంకెవరూ నీళ్ళు ముట్టకూడదు. రెండో విడతలో ట్రేలన్నీ సబ్బుతో కడిగి ఎండబెట్టాం. విత్తనాన్ని దాని మందానికి రెండు మూడు రెట్ల లోతులోనే, పలచగా వేశాం. పైనుంచి పొయ్యడం మానేసి, అడుగున బెజ్జాలున్న ట్రేని అరగంట నీళ్ళ తొట్టిలో ఉంచి తీశాం. పగలంతా తలుపు తెరిచే ఉంచాం. ఈసారి నారుకుళ్ళు కనబడలేదు. ఇదంతా నియమం గొప్పే అనను, అప్పటికి మట్టి కూడా వేడెక్కింది. టమాటాకి 21 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, మిరపకి ఇంకాస్త ఎక్కువ వెచ్చదనం దొరికితే మొలక చకచకా ఎదిగి ఆ గండం దాటేస్తుంది. మొదటిసారి మనకి ఓపిక లేక చలిమట్టిలోనే వేసేశాం.

వంటింటి కిటికీలో పెంచినవారి నారు పొడుగ్గా, సన్నగా సాగి వెలుతురు వైపు మెడ చాచింది. టమాటా అయితే దిగులు లేదు. కింది ఆకులు తుంచి, సాగిన కాండాన్ని లోతుగా పాతితే మట్టిలో ఉన్నంత మేరా వేళ్ళు వస్తాయి. మిరపకీ వంగకీ ఈ చిట్కా నమ్ముకోవద్దు, మొదటినుంచీ వెలుతురు చూపించడమే దారి.

నారుని ఎండకి అలవాటు చేసే పని మీద ఎక్కువ పేచీలు వచ్చాయి. మొదటిరోజు నీడలో గంటా రెండు గంటలు, ఆపైన రోజూ కాస్త పెంచుకుంటూ వారం పది రోజుల పాటు ట్రేలు బయటికీ లోపలికీ మోయాలి. చాలా ఇళ్ళల్లో బయటికి పెట్టడానికి అందరూ ముందుంటారు, లోపలికి తేవడానికి ఎవరూ ఉండరు. ఒక సభ్యుడి ఇంట్లో తండ్రీకొడుకులు “నువ్వు తెచ్చావనుకున్నా” అంటే “నువ్వు తెచ్చావనుకున్నా” అనుకున్నారు. ఆకులు రాత్రి చలికి ఒకసారి, మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎండకి ఇంకోసారి దెబ్బతిని కాగితంలా తెల్లబడ్డాయి. లోపలి చిగురు బతికుండటంతో మొక్కలు కోలుకున్నాయి. తండ్రీకొడుకులు కోలుకోవడానికి ఇంకాస్త టైం పట్టిందని విన్నాను.

విత్తనాల మార్పిడి బాగా జరిగింది. ఈసారి పది గింజల పరీక్ష తప్పనిసరి చేశాం: తడిగుడ్డలో పది గింజలు చుట్టి, డబ్బాలో పెట్టి, ఎన్ని మొలిచాయో లెక్క చూడటం. అల్మారాలో నాలుగేళ్ళు దాచిన ఉల్లి విత్తనంలో ఒక్కటీ మొలవలేదు. ఉల్లి ఏడాదీ రెండేళ్ళకి మించి నిలవదు. అంతే వయసున్న టమాటా గింజలు పొడిగా, చల్లగా దాచినవి కావడంతో చాలావరకు మొలిచాయి. హైబ్రిడ్ మొక్కల నుంచి తీసిన గింజలు దయచేసి తేవద్దు. అవి మొలుస్తాయి కానీ తల్లిలా కాయవు, తీసుకున్నవారు తర్వాత మమ్మల్ని అడుగుతారు.

కంపోస్టు గుంత వాసన మీద వచ్చిన ఫిర్యాదు నిజమే. తొక్కలు వేసినవారే గానీ ఎండుటాకులు వేసినవారు లేరు. తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ; గుంతలో నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్ళు ఉండాలి. కొలవక్కర్లేదు, ఒక బకెట్ తొక్కలకి రెండు మూడు బకెట్ల ఎండుటాకులు కప్పితే చాలు. ఇప్పుడు గుంత పక్కన ఎండుటాకుల సంచి ఎప్పుడూ ఉంటోంది.

లేతచిగుళ్ళ మీద పేనుబంక, అంటే గుంపుగా చేరి రసం పీల్చే చిన్న పురుగులు, ఈసారీ వచ్చింది. మొక్క మీద చీమల బారు కనిపిస్తే ఆకు తిరగేసి చూడండి. పేనుబంక విసర్జించే తియ్యటి బంక కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి. నీటి ధారతో రెండు మూడు రోజులు కడిగాకే వేపనూనె సంగతి ఆలోచించండి, అదీ తేనెటీగలు తిరగని సాయంత్రం పూటే. మచ్చలతో నల్లగా, చిన్న మొసలిలా కనిపించే పురుగుని చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకని తినేదే అది. ఒకరింట్లో వీటన్నిటినీ ఏరి పారేసి, ఆ తర్వాత మందు ఎక్కడ దొరుకుతుందని నాకు ఫోన్ చేశారు.

ఊరెళ్ళినవారి మొక్కలకి నీళ్ళు పోసే వంతులు సాఫీగా నడిచాయి, చెప్పుకోడానికేమీ లేదు.

వచ్చే ఏడాది నారు పనులు మొదలయ్యేలోగా, పంపిణీలో తీసుకెళ్ళిన ట్రేలు షెడ్డులో తిరిగివ్వాలి. ఇంకా కొన్ని రావాలి. అందులో ఒకటి మన ఇంట్లోనే, బట్టల క్లిప్పులు వేసుకోడానికి వాడుతున్నామని ఇది రాస్తుండగా మా అమ్మాయి గుర్తుచేసింది. రేపు తెచ్చి పెడతాను.

ఇట్లు,
కార్యదర్శి