పెన్షనర్ల స్వర్గంలో నడిచే దారేది?

సంపాదకులకు నమస్కారం.

రాష్ట్రం ముసలిదైపోతోంది, ఇంకా పిల్లల్ని కనండి అని పెద్దలు చెబుతున్న మాటలను 2024 అక్టోబరు నుంచి మీ పత్రికలో చదువుతూనే ఉన్నాను. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న 1994 నాటి నిబంధనను ఆ నవంబరులోనే శాసనసభ ఎత్తేసింది. ఎత్తేయవలసినదే, దానిమీద నాకు పేచీ లేదు. నాకు 71 ఏళ్లు. టెలిఫోన్స్‌లో ఆపరేటరుగా చేరి, రిటైరయ్యాక కాకినాడ వచ్చి స్థిరపడ్డాను. ఈ చర్చంతటిలో నా బోటివాళ్లం ఎక్కడున్నామా అని వెతికితే శాతాల్లో తప్ప కనబడలేదు.

ఆ శాతాలేమిటో కూడా చెప్పుకుందాం. జాతీయ జనాభా కమిషన్ నిపుణుల అంచనా ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 60 దాటినవారు 2021 నాటికే 12 శాతం పైన ఉన్నారు. 2036కు 19 శాతం, అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు 1.7 మందే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలట. సరే, రేపటి నుంచే అందరూ ముగ్గురేసి పిల్లల్ని కన్నారనుకుందాం. 2036లో అరవై దాటబోయేవాళ్లంతా ఇప్పుడే యాభైకి అటూ ఇటూ ఉన్నారు. ఊయల తొట్లు ఎన్ని కట్టినా శాతం కాస్త తగ్గుతుందేమో కానీ, ఆ మనుషుల్లో ఒక్కరూ తగ్గరు. వాళ్ల సంగతేమిటన్నదే నా ప్రశ్న.

కాకినాడకు పెన్షనర్ల స్వర్గమని పేరు. రిటైరైన తహసీల్దార్లు, హెడ్మాస్టర్లు, రైల్వేవాళ్లు చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. ముసలివాళ్ల కోసమని ఎవరూ ప్లాను గీసి కట్టిన ఊరు కాదు ఇది. నేల చదును, ఎత్తుపల్లాల బాధ లేదు. వీధులు గళ్ల నోటుపుస్తకంలా తిన్నగా సాగుతాయి కనుక చూపు ఆనకపోయినా దారి తప్పరు. సాయంత్రం సముద్రపు గాలి ఉంది. 1958లో వచ్చిన రంగరాయ వైద్య కళాశాల ఉంది, దానికి అనుబంధంగా పెద్దాసుపత్రి ఉంది. గోదావరి బియ్యం, ఉప్పాడ చేపలు సరేసరి. గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొడితే రిక్షా వచ్చేది. అలా అన్నీ కలిసివచ్చి స్వర్గమైంది. రిక్షా పోయింది. వీధుల్లో వాహనాలు నిండాయి. స్వర్గం అన్న మాట మాత్రం ఫ్లాట్లు అమ్మేవాళ్ల కరపత్రాల్లో భద్రంగా ఉంది.

మా ఇంటి నుంచి పార్కు గేటుకు నాలుగు వందల గజాలు ఉంటుంది. ఫుట్‌పాత్ ఉంది, లేదనను. కానీ ఎక్కాలంటే ఎవరి భుజమైనా పట్టుకోవాలి, అంత ఎత్తు. ప్రతి ఇంటివారూ కారు లోపలికి పోవడానికి దాన్ని తెగ్గొట్టి వాలు కట్టుకున్నారు కనుక పార్కుకు చేరేలోపు పన్నెండుసార్లు దిగి, పన్నెండుసార్లు ఎక్కాలి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దాని పక్కన టిఫిన్ బండి. ఆ బండి అబ్బాయిని నేను తప్పుపట్టను, అతనికీ నిలబడడానికి చోటు కావాలి. ఇదంతా దాటాక డ్రైను పైపలక ఒకటి విరిగి ఉంది. ఎవరూ పడకుండా ఆ కంతలో ఎవరో పుణ్యాత్ములు వేపకొమ్మ గుచ్చారు. అది ఎండిపోతే మళ్లీ పచ్చి కొమ్మ పెట్టారు. కొమ్మ మారింది కానీ పలక మారలేదు. నాతో నడకకు వచ్చే లెక్కల మాస్టారు ఒక చీకటి ఉదయం అక్కడే పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది, మనిషి మాత్రం మళ్లీ వీధిలోకి రాలేదు. వాళ్లబ్బాయి పుణెలో ఉంటాడు. రోజూ రాత్రి ఫోన్ చేసి “నడుస్తున్నారా నాన్నా?” అని అడుగుతాడు. ఈయన నడుస్తున్నానని చెబుతారు.

పలక గురించి నేను ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు.

ఇంకో మాట. స్వర్గం పెన్షనర్లదే కానీ, ముసలివాళ్లందరూ పెన్షనర్లు కారు. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన నాకంటే రెండేళ్లే చిన్న. కాళ్ల వాపులతో ఇప్పటికీ నిలబడే పని చేస్తున్నాడు. అతనికి ప్రతి నెలా ఒకటో తారీఖున వార్డు సచివాలయం సిబ్బంది ఇంటికి వచ్చి 4,000 రూపాయల పింఛను చేతిలో పెడుతున్నారు. ఇది చాలా మంచి పని, మెచ్చుకోవాలి. (జాతీయ వృద్ధాప్య పింఛనులో 80 ఏళ్ల లోపు వారికి కేంద్రం ఇచ్చేది మాత్రం ఏళ్ల తరబడి 200 దగ్గరే నిలిచిపోయింది. అదొక వేరే కథ.) డబ్బు గడప దాకా వస్తున్నప్పుడు, అదే గడపకు నెలకోసారి బీపీ మిషనుతో ఏఎన్ఎం నర్సమ్మ కూడా ఎందుకు రాకూడదు?

ఇది నా ఊహ కాదు. కేరళ మనకంటే ముందే వయసు మీదపడిన రాష్ట్రం. మంచం పట్టినవారికి ఇంటి దగ్గరే సేవలు అందించాలని 2008లోనే అక్కడ ఒక విధానం చేసుకున్నారు. స్థానిక సంస్థల తరఫున నర్సు ఇంటికి వచ్చి పుండ్లు శుభ్రం చేసి, గొట్టాలు మార్చి, ఇంట్లోవాళ్లకు ఎలా చూసుకోవాలో నేర్పి వెళుతుంది. ఇక కోయంబత్తూరులో వృద్ధుల కోసమే కట్టిన ఇళ్ల సముదాయాలు ఉన్నాయి. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ, మెట్లకు బదులు వాలుదారి, పిలిస్తే పలికే మనిషి. డబ్బున్నవారు వెళ్లి చేరుతున్నారు. లేనివారి కోసం ఆ వాలుదారిని ఊరే వేయాలి.

మరీ పెద్ద కోరికలు కోరడం లేదు. రైళ్లలో మాకుండిన రాయితీ 2020 మార్చిలో పోయింది, దాన్ని తిరిగి ఇస్తారన్న ఆశ లేదు. కాకినాడను మెయిన్ లైనులో కలపాలని దశాబ్దాలుగా అడుగుతూ, చాలా రైళ్లకు సామర్లకోట పరుగెత్తడం అలవాటు చేసుకున్నాం. ఏటా బతికే ఉన్నామని రుజువు చూపించాలి, అదీ చేస్తున్నాం. వేలిముద్రలు అరిగిపోయి మిషను ఒప్పుకోక బ్యాంకులో మూడేసి గంటలు కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి పంపే పద్ధతి వచ్చింది. మా వీధిలో పదకొండు మందికి నేనే చేసిపెట్టాను. ట్రంకాల్ కలిపిన చేతులకు అదొక లెక్కా!

ఫుట్‌పాత్ ఎత్తు తగ్గించి, గేట్ల దగ్గర తెగకుండా వేయండి. ప్రతి రెండు వందల గజాలకు ఒక బల్ల, పార్కులో తాళం వేయని మరుగుదొడ్డి ఉండాలి. పెద్దాసుపత్రిలో వారానికి ఒక పూటైనా ముసలివాళ్లను క్యూలో నిలబెట్టకుండా కూర్చోబెట్టి చూడండి. 2027 జనగణనలో మా సంఖ్య ఎంతో తేలేదాకా వీటికోసం ఆగనక్కరలేదు.

ఈ ఉత్తరం రాసే ముందు మరోసారి వెళ్లి చూసి వచ్చాను. ఇప్పుడున్నది మూడో కొమ్మ. ఈసారి వేప కాదు, కానుగ.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాకినాడ