‘పోలీసులను ఆశ్రయించండి’ ఒక్కటే సరిపోదు

సంపాదకులకు,

రికవరీ ఏజెంట్ల వేధింపుల మీద వార్త వచ్చినప్పుడల్లా ‘బాధితులు పోలీసులను ఆశ్రయించాలి’ అన్న వాక్యంతో ముగుస్తోంది. చెయ్యి చేసుకున్నా, చంపుతామన్నా, ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపినా అది పోలీసు కేసే, సందేహం లేదు. మిగతా వేధింపుల్లో ముందు పట్టుకోవలసింది ఏజెంటును కాదు, అతన్ని పంపిన బ్యాంకును లేదా ఫైనాన్స్ కంపెనీని. ఏజెంటు చేసిన పనికి వాళ్లే బాధ్యులన్నది రిజర్వు బ్యాంకు నిబంధన.

2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు, ఇంట్లోవాళ్ల, స్నేహితుల జోలికి పోకూడదు. మైక్రోఫైనాన్స్ గ్రూపు లోన్లకైతే ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. కిస్తీ కట్టేది ఇరువురూ అనుకున్న చోట. అక్కడికి వరుసగా రెండుసార్లు రాకపోతేనే సిబ్బంది ఇంటికి వెళ్లాలి. చీకటి పడ్డాక గుమ్మంలో బైఠాయించి, సంఘంలోని మిగతా ఆడవాళ్లను ఉసిగొల్పడం ఏ నిబంధనలోనూ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన 2010 నాటి మైక్రోఫైనాన్స్ చట్టం కాపాడుతుందని ఇంకా కొందరు నమ్ముతున్నారు. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు అది వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలోనే తీర్పిచ్చింది.

ఏజెంటు ఇంటికొస్తే గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చూపమనండి. రెండిటినీ ఫొటో తీసుకోండి. డబ్బు మాత్రం అతని సొంత ఫోన్‌పే నంబరుకు వేయొద్దు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: డబ్బు పోతుంది, లోను ఖాతాలో బకాయి అలాగే ఉంటుంది. బ్రాంచిలోగానీ కంపెనీ యాప్‌లోగానీ లోను నంబరు మీదే కట్టి రసీదు తీసుకోవాలి.

ఫిర్యాదు నోటిమాటగా చేస్తే చేయనట్టే. కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పంపాలి. అందులో లోను నంబరు, ఏ తేదీన ఎన్ని గంటలకు ఏ నంబరు నుంచి ఫోన్ వచ్చింది, ఏమన్నారు అన్నవి వరుసగా రాసి, స్క్రీన్‌షాట్లు, రికార్డింగులు జతచేయాలి. ఖాతా స్టేట్‌మెంటు కూడా అదే మెయిల్‌లో అడగండి. 2024 నుంచి ఆలస్యానికి వడ్డీ రేటు మీద అదనపు వడ్డీ కలపకూడదు, వేసిన జరిమానాను అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ లాగకూడదు. స్టేట్‌మెంటు చేతికొస్తేనే ఆ లెక్క తేలుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, సందేహాలకు 14448. కంపెనీకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే ఫిర్యాదు తిరిగొస్తుంది. అంబుడ్స్‌మన్ వేధింపును ఆపగలరు కానీ అప్పును మాఫీ చేయరు.

వాట్సాప్‌లో వచ్చే ‘అరెస్టు వారంటు’లకు భయపడనక్కర్లేదు. కిస్తీ కట్టలేకపోవడం దానంతటది నేరం కాదు. చెక్కు బౌన్సయితే వేరు సంగతి: నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే క్రిమినల్ కేసు వేయవచ్చు. నకిలీ కాగితాలకు విసిగి అసలు లాయరు నోటీసును కూడా చించేసేవాళ్లున్నారు. అది పెద్ద పొరపాటు.

పాత బాకీల్లో ఇంకో కిటుకుంది. తాకట్టు లేని అప్పు మీద దావాకు మామూలుగా మూడేళ్లే గడువు. అది తీరకముందే ‘ఊరికే అయిదొందలు వేయండి, పైవాళ్లకు చూపిస్తాం’ అంటారు. సంతకంతో బాకీ ఒప్పుకున్నా, కొంత కట్టినట్టు రాతపూర్వక ఆధారం ఉన్నా మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. అప్పు ఎగ్గొట్టమని ఈ మాట చెప్పడం లేదు. ఆ అయిదొందలు ఎందుకడుగుతున్నారో తెలిసి ఇవ్వమనే.

రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న ఏ సంస్థా వెనక లేని లోన్ యాప్ అయితే ఈ ఉత్తరాలేవీ పనిచేయవు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఒకసారి కడితే వదిలేస్తారనుకోవద్దు, కట్టినవాళ్లనే మళ్లీ అడుగుతారు.

సెటిల్‌మెంటుకు ఒప్పుకుంటే కంపెనీ లెటర్‌హెడ్ మీద మొత్తం, గడువు, ‘ఇక బాకీ లేదు’ అన్న మాట రాసిచ్చాకే డబ్బు కట్టాలి. మన అప్పుల చరిత్ర నమోదుచేసే సిబిల్‌లో అది ‘సెటిల్డ్’ అని పడుతుంది. ‘క్లోజ్డ్’ అని పడాలంటే పూర్తిగా కట్టాల్సిందే. ఈ తేడా ఏజెంటు చెప్పడు. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు తీసి చూసుకోండి, ఏడాదికి ఒకటి ఉచితం. తప్పు ఉంటే కంపెనీనిగానీ సిబిల్‌నుగానీ రాతపూర్వకంగా అడగాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే వాళ్లు మీకు రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం