మిద్దె మీద సోలార్, ఇంట్లో చీకటి

మిద్దె మీద సోలార్ పలకలు ఉన్నా, వీధిలో కరెంటు పోతే ఇంట్లోనూ పోతుందన్న సంగతి పెట్టించుకునేదాకా చాలామందికి తెలియడం లేదు. మా ఇంటిపై 3 కిలోవాట్ల యూనిట్ ఉంది. మే నెలలో ఓ మిట్టమధ్యాహ్నం సరఫరా ఆగితే, పైన ఎండ మాడుతున్నా కింద ఫ్యాను తిరగలేదు. ‘మీది సోలార్ కదండీ!’ అని పక్కింటాయన నవ్వొకటి. లైన్‌మన్ స్తంభం ఎక్కినప్పుడు మన కరెంటు అతనికి తగలకూడదని, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అది న్యాయమే. కానీ బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరైతే వీధి లైనును వదిలేసి ఇంటికి మాత్రం సరఫరా ఇస్తుంది. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు వచ్చే రూ.78 వేల సబ్సిడీ పలకల సామర్థ్యం చూసి ఇచ్చేదే, బ్యాటరీ ఖర్చు మనదే. గాలిని ట్యాంకుల్లో కుదించి ఇంట్లోనే కరెంటు దాచుకోవచ్చనే మాటలూ వింటున్నాం. గాలిని నొక్కేటప్పుడు పుట్టే వేడి వృథా అవుతుంది కాబట్టి ఇంటి స్థాయిలో అది గిట్టుబాటు కాదు. ఇలా గాలిని కుదించి కరెంటు దాచేందుకు 1978లో మొదలైన జర్మనీలోని హుంటోర్ఫ్ కేంద్రానికి భూగర్భ ఉప్పు గుహలు కావాల్సి వచ్చాయి, పైగా గ్యాస్ మండించాలి. అందుకే వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఉమ్మడి బ్యాటరీ పెట్టాలి. మధ్యాహ్నం ఇళ్లలో మిగిలిన కరెంటు అందులో చేరి, సాయంత్రం దీపాల వేళకు అదే వీధికి అందాలి. ఎవరు ఏ వేళలో ఎంత ఇచ్చారో, ఎంత వాడారో స్మార్ట్ మీటర్లు లెక్క కట్టగలవు. ముందుగా ప్రతి జిల్లాలో ఒక్క కాలనీలోనైనా విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) దీన్ని చేసి చూపాలి.

– ఒక వినియోగదారుడు, తెనాలి