మొలక వచ్చినంత మాత్రాన మట్టి మంచిదైపోదు

సంపాదకులకు,

కూరగాయల నారు పసుపు పచ్చగా మారితే చాలు, యూరియా చల్లమనో ఇనుము మందు కొట్టమనో సలహాలు వచ్చేస్తాయి. మట్టిలో కాడ్మియం, సీసం లాంటి భార లోహాలు ఉన్నాయేమో అని అడిగేవాళ్లు తక్కువ. ఫ్యాక్టరీ మురుగు, పాత బ్యాటరీల చెత్త, కొన్ని ఫాస్ఫేట్ ఎరువులు, ఇలా చాలా దారుల్లో ఇవి నేలలో చేరతాయి.

చిక్కేమిటంటే విత్తనం చాలాసార్లు మామూలుగానే మొలుస్తుంది, ఎందుకంటే పై తొక్క కొంత అడ్డుకుంటుంది, లోపల దాచుకున్న ఆహారం మొదటి రోజులకు సరిపోతుంది. దెబ్బ తగిలేది ఆ తర్వాత, అదీ ముందు వేరుకే. వేరు పొట్టిగా, మొద్దుగా, గోధుమ రంగులోకి మారి, పక్క వేళ్లు సరిగా రావు. కాడ్మియం ఇనుము, జింక్ వెళ్లే దారుల్లోనే లోపలికి దూరిపోతుంది, దాంతో ఆకుకు ఇనుము అందక పాలిపోతుంది. మనమేమో పైన మందు కొడుతూ కూర్చుంటాం! సీసం ఎక్కువగా వేరులోనే ఆగిపోతుంది కానీ, కాడ్మియం ఆకుల దాకా ఎక్కుతుంది, పాలకూర, లెట్యూస్‌లలో మరీ ఎక్కువ. లోపలికి చేరినది ఎంత కడిగినా పోదు.

ఆమ్ల నేలల్లో ఈ బెడద ఎక్కువ. సున్నం వేసి పీహెచ్ పెంచితే, బాగా మాగిన కంపోస్టు కలిపితే మొక్కకు అందే లోహం తగ్గుతుంది, అయితే మట్టిలోంచి మాయమేమీ కాదు. భూసార పరీక్ష అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ దగ్గరే ఆపేయకుండా, అనుమానం ఉన్నచోట లోహాల పరీక్ష కూడా అందుబాటు ధరలో చేయించాలి.

— ఒక పాఠకుడు