వానలు ఆగి ఎన్నాళ్లయిందో కూడా రాయండి

సంపాదకులకు,

ఆఫ్రికా పటం నిండా మంటల్ని చూపే ఎర్రచుక్కలతో మీరు ఇటీవల వేసిన ఉపగ్రహ చిత్రం, దాని కింద గడ్డికి నిప్పు పెడుతున్నారని రైతుల్ని తప్పుపడుతూ రాసిన నాలుగు వాక్యాలు చదివాను. జాంబియా రాగిగనుల ప్రాంతంలో చాలాకాలం జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ చుక్కల్లో కాలుతున్నదేమిటో దగ్గర నుంచి చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రపంచమంతటా మంటల వల్ల ఏటా గాలిలో కలిసే కార్బన్ సుమారు 200 కోట్ల టన్నులు. అందులో సగానికి పైగా సవన్నాలదే, అంటే చెట్లు పలచగా ఉండే గడ్డిభూములదే. అయితే దాన్ని పెట్రోలు పొగతో కలిపి కూడటం తప్పు. గడ్డి కాలి వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ వానలకు మొలిచిన గడ్డే చాలావరకు పీల్చేసుకుంటుంది. అందుకే దేశాల ఉద్గారాల పద్దులో గడ్డి మంటల కింద గడ్డి తిరిగి పీల్చుకోని మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ వాయువులు మాత్రమే రాస్తారు.

నా బెంగంతా చెట్ల గురించి. అక్కడి అడవిని మియోంబో అంటారు. పైన బ్రాకిస్టీజియా చెట్లు, కింద మొలలోతు గడ్డి. ఏప్రిల్‌తో వానలు ఆగిపోతాయి. మే, జూన్‌లలో నిప్పు పెడితే గడ్డి ఇంకా సగం పచ్చిగా ఉండి మంట పెద్దగా లేవదు. రాత్రి మంచు పడితే చాలాచోట్ల దానంతటదే ఆరిపోతుంది. కాలినచోటికీ కాలినచోటికీ మధ్య పచ్చిక మిగిలే ఉంటుంది. అదే అక్టోబరులో అంటుకుంటే పట్టపగ్గాలుండవు. లేతమొక్కలు మొదలంటా మాడిపోయి మళ్లీ వేరు నుంచి చిగురించాలి. ఏటా ఇదే తంతయితే అవి చెట్లయ్యేదెప్పుడు?

ఇక పడిపోయిన మానుల సంగతి. గడ్డి నిమిషాల్లో కాలిపోతుంది. ఎండిన మాను మాత్రం రోజుల తరబడి లోలోపల రగులుతూనే ఉంటుంది. చివరికి మాను పొడుగునా నేలమీద తెల్లటి బూడిద చార ఒక్కటే మిగులుతుంది. మా విద్యార్థులకు ఆ చార చూపించి, ఇందులోంచి పోయిన కార్బన్ పోగవడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందని అడిగేవాణ్ణి. ఒక్క వానాకాలంలో తిరిగి వచ్చేది కాదది. పైగా ఇలా రగిలేటప్పుడే మీథేన్ ఎక్కువగా వస్తుంది. వందేళ్ల లెక్కన టన్ను మీథేన్ 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం.

ఇది నా ఒక్కడి మాట కాదు. జాంబియా రాగిగనుల ప్రాంతంలోని ఎన్డోలా పట్టణం దగ్గర 1930లలోనే కొన్ని మళ్లను ఏటా పొడికాలం మొదట్లో, మరికొన్నిటిని చివర్లో కాలుస్తూ వచ్చారు. ఇంకొన్నిటికి నిప్పే సోకనివ్వలేదు. చివర్లో కాల్చినచోట చెట్లు పోయి గడ్డి మిగిలింది, మొదట్లో కాల్చినచోట చెట్లు నిలబడ్డాయి, నిప్పు తగలనిచోట అడవి దట్టమైంది. అలాగని అంత పెద్ద అడవికి ఏళ్ల తరబడి నిప్పు తగలకుండా కాపలా కాయడం ఎవరి తరమూ కాదు. మేలో కాల్చవద్దని నిషేధిస్తే ఆ గడ్డే అక్టోబరుకు ఎండి, మెరుపుకో బొగ్గుబట్టీకో అంటుకుంటుంది.

ఉత్తర ఆస్ట్రేలియాలోని పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్‌లో ఆదివాసులు సుమారు 28,000 చదరపు కిలోమీటర్లలో పొడికాలం తొలినాళ్లలోనే చిన్నచిన్న మంటలు పెడుతున్నారు. అలా తగ్గించిన ఉద్గారాలకు ఒక గ్యాస్ కంపెనీ ఏటా డబ్బు చెల్లించేలా 2006లో ఒప్పందం కూడా కుదిరింది. పచ్చిగడ్డి కాలితే పొగలో మీథేన్ వాటా పెరుగుతుందని కొందరు శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెబుతారు. అందులో సబబుంది, ఎక్కడికక్కడ కొలిచి చూసుకోవలసిందే. కానీ కాలే సరుకే తగ్గుతున్నప్పుడు, మానులు మిగులుతున్నప్పుడు, నేను తొలి మంటల పక్షానే ఉంటాను.

ఎర్రచుక్కలు తగ్గాయని సంబరపడటానికీ లేదు. 1998, 2015 మధ్య ప్రపంచంలో కాలిన విస్తీర్ణం దాదాపు నాలుగో వంతు తగ్గింది. సవన్నాలు పొలాలుగా మారడం దానికి పెద్ద కారణం.

మళ్లీ ఇలాంటి పటం వేసేటప్పుడు అది ఏ నెలదో, అప్పటికి అక్కడ వానలు ఆగి ఎన్నాళ్లయిందో పక్కన రాయండి. భూమధ్యరేఖకు అటూ ఇటూ ఆ నెలలు వేరు. తొలి మంటలను ఒక రంగులో, చివరి మంటలను మరో రంగులో చూపిస్తే ఇంకా మేలు.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు